బలం మందు

ఆ ఏడు వానాకాలం చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడింది. పొద్దున ఎండ చూసి మోసపోయి, షాపుకి సెలవు పెట్టి మరీ ఇంట్లోని దుప్పట్లన్నీ ఉతికి మేడ మీద ఆరేశాను. మధ్యాహ్నానికల్లా ఆకాశం నల్లబడింది. నేనూ అత్తయ్యా దండేల మీంచి దుప్పట్లు లాగుతుంటే, నాలుగేళ్ళ మా అమ్మాయి వాటి మధ్య దూరి దాగుడుమూతలు మొదలుపెట్టింది. దాన్ని ఇంట్లో అందరం తొండి అనే పిలుస్తాం. ఏ ఆటలో దింపినా తొండి చెయ్యకుండా ఆడిన పాపాన పోలేదు కాబట్టి వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది.

దుప్పటి వెనకాల క్లిప్పుల డబ్బా పడిన చప్పుడైంది. మళ్ళీ ఏదో కొంటెపని చేసిందనుకుని, "ఇవాళ నీ పని చెప్తా" అంటూ దుప్పటి పక్కకి లాగాను.

పిల్ల నేల మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుంది, ఆ తరవాత చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. నా కేక ఎవరిదో కేకలాగా వినిపించింది నాకే. అది విని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, చూసి, మళ్ళీ ఇంట్లోకి పరుగెత్తి చెంచాతో తిరిగొచ్చింది.

"పళ్ళ మధ్య పెట్టండి, పెట్టండి, నాలుక కొరుక్కుంటుంది!"

అత్తయ్య ఆ చెంచాని ఒక్క విసురుతో పక్కకి కొట్టింది.

"నోట్లో ఏమీ పెట్టకూడదు. దూరం జరుగు."

మా అత్తయ్య నోట్లో నాలుక లేని మనిషి. పాలవాడు నీళ్ళు కలిపిన పాలు పోసినా, వాడి ముఖం చిన్నబోతుందని ఊరుకునే రకం. ఆవిడ గొంతులో అంత కరకుదనం నేను కాపురానికొచ్చాక ఎన్నడూ వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పిల్లని పక్కకి ఒత్తిగిలిపించింది. తల కింద మడిచిన దుప్పటి పెట్టింది, మెడ దగ్గర గుండీ తీసింది. చేతులు పట్టుకుని ఆపాలని నేను వంగితే, "పట్టుకోకు అమ్మాయ్, దాని మానాన దాన్ని పోనీ. అయిపోతుంది, ఇప్పుడే అయిపోతుంది" అంది. పొయ్యి మీద పాలు పొంగడానికి ఎదురుచూసే మనిషి గొంతు అది.

నిజంగానే అయిపోయింది. పిల్ల పెద్దగా ఊపిరి తీసి నిద్రలోకి జారింది. అప్పుడు వాన మొదలైంది. దుప్పట్లన్నీ అక్కడే వదిలేసి దాన్ని ఎత్తుకుని కిందికి దిగాం.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆజానుబాహుడు. "మావాడు ఎక్కితే బస్సుకి ఇంకో ఇంజను ఎందుకు" అని ఆయన కండక్టరు ఆటపట్టిస్తుంటాడు. ఆ మనిషి ఆస్పత్రిలో పిల్ల మంచం పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చుంటే, స్టూలు పెద్దదై మనిషి చిన్నవాడైనట్టు అనిపించింది.

పిల్లల నరాల డాక్టరమ్మ సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. ఏ మాట చెప్పినా కాగితం మీద బొమ్మ గీసి చెబుతుంది. తలకి వైర్లు అంటించి పరీక్ష తీయించింది. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, "మీ రెండు వైపులా ఎవరికైనా మూర్ఛ ఉందా? చిన్నప్పుడు వచ్చి పోయినా సరే, చెప్పండి" అని అడిగింది. మావైపు ఎవరికీ లేదన్నాను.

"మా వంశంలో జలుబు తప్ప ఇంకో జబ్బు తెలీదు డాక్టర్" అన్నాడు మా ఆయన. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఒక్కసారికే మందు వద్దు, ఆగి చూద్దామంది డాక్టరమ్మ. ఎక్కువ రోజులు ఆగనివ్వలేదు అది. రెండోసారి వచ్చాక సిరప్ రాసింది.

"పొద్దున, సాయంత్రం. ఒక్క పూట తప్పినా ఊరుకోను. తగ్గిపోయిందని మానెయ్యకూడదు, తగ్గలేదని పెంచకూడదు. వేసిన వెంటనే కక్కుకుంటే నాకు ఫోన్ చెయ్యండి, మీ అంతట మీరు రెండోసారి వెయ్యొద్దు. ఫిట్సు ఐదు నిమిషాలు దాటితే ఈ ముక్కులో కొట్టే మందు కొట్టి అంబులెన్సు పిలవండి."

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తాను. చీమతలకాయంత మరమేకులు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. ఇంట్లో కూడా అలాగే ఊపిరి బిగబట్టి సిరంజిలోకి మందు లాగేదాన్ని. గాలి బుడగ కనిపిస్తే మళ్ళీ సీసాలోకి వదిలి మళ్ళీ లాగేదాన్ని. అంత జాగ్రత్తగా తీసిన మందుని మా తొండి ఒక్క ఉమ్ముతో గోడకి కొట్టేది. వంటింటి గోడ మీద గులాబీరంగు చారికలు పడ్డాయి. పళ్ళు బిగిస్తుంది, బల్ల కిందికి దూరుతుంది, మింగినట్టు నటించి నాలుక కింద దాస్తుంది. బతిమాలాను, బెదిరించాను. చివరికి నేనే ఏడ్చాను.

ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఈ తతంగమంతా చూశాడు. యూనిఫాం కూడా విప్పకుండా బల్ల కిందికి తలపెట్టాడు.

"ఏమే తొండీ, నీకో రహస్యం చెప్పనా? నీ అంతప్పుడు నేను కూడా రోజూ మందు వేసుకునేవాణ్ణి. బలం మందు. మా అమ్మ మాత్ర పొడి చేసి తేనెలో కలిపి పెట్టేది. పరమ చేదు. ఒక్కరోజు ఏడిచానేమో మీ నానమ్మని అడుగు. అందుకే చూడు, ఎంత పెద్ద బస్సయినా ఒంటిచేత్తో తిప్పేస్తా."

"ఇది వేసుకుంటే నేనూ బస్సు తిప్పుతానా?"

"బస్సేం ఖర్మ, రైలే నడుపుదువు గాని. నోరు తెరువు."

తెరిచింది. మింగింది. మా ఆయన నా వంక గర్వంగా చూశాడు. నేను అత్తయ్య వంక చూశాను, మీ కొడుకు ఘనకార్యం చూశారా అన్నట్టు. కూర తరుగుతున్న అత్తయ్య చేతిలో కత్తి ఆగిపోయి ఉంది. "మేడ మీద బట్టలు ఉండిపోయాయి" అని లేచి వెళ్ళిపోయింది.

పొద్దుటి నుంచీ వాన. మేడ మీద బట్టలేమీ లేవు.

అనుమానం పెనుభూతమంటారు. ఆ రోజు నుంచి అది నా వెనకే తిరిగింది. చెంచా విసిరికొట్టిన చెయ్యి గుర్తొచ్చేది. అడగాలని నోరు తెరిచేదాన్ని. ఆవిడ ముఖం చూసి, అంట్ల సంగతో కూరల సంగతో అడిగి ఊరుకునేదాన్ని.

మందు పనిచేస్తోందనుకున్నాం. పిల్ల పడిపోవడం లేదు. కానీ పడుకుంటే లేవదు, కూర్చుంటే కదలదు. పలకరిస్తే ఎక్కడో దూరం నుంచి తిరిగొచ్చినట్టు జవాబు చెబుతుంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కొత్తలో మత్తు సహజం, కొన్నాళ్ళు చూడమంది. చూశాం.

ఒక ఆదివారం మా ఆయన దాన్ని హుషారు చెయ్యాలని పాము నిచ్చెన ఆట పరిచాడు. మామూలుగా అయితే ఆ ఆటలో దాన్ని గెలవడం ఎవరి తరమూ కాదు. పాము తల దగ్గరికి రాగానే మోచెయ్యి తగిలిందంటుంది, దగ్గొచ్చిందంటుంది, ఏదో విధంగా దాని కాయ రెండు గళ్ళు ముందుకి జరిగిపోయి ఉంటుంది. ఆ రోజు పాచిక చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది కాసేపు. "వెయ్యవే" అంటే వేసింది. కాయ నేరుగా పెద్ద పాము నోట్లో పడింది. మా ఆయన కావాలనే కిటికీ వైపు తిరిగాడు, దానికి అవకాశం ఇవ్వడానికి.

"పాము మింగింది నాన్నా. దిగిపోతాను" అంది. కాయని తానే వేలితో తోసుకుంటూ తోక దాకా దించుకుంది.

మా ఆయన కాసేపు ఆ కాయ వైపే చూశాడు. తరవాత లేచి బాల్కనీలోకి వెళ్ళి వానలో చేతులు చాపుకుని నిలబడ్డాడు.

ఆ వారంలోనే, పొద్దున తల దువ్వుతుంటే, పిల్ల నా ఒళ్ళోనే బిగుసుకుపోయింది. ఈసారి తొందరగా ఆగలేదు. ముక్కులో మందు కొట్టేటప్పుడు అత్తయ్య నా మణికట్టు కదలకుండా పట్టుకుంది. అంబులెన్సు వచ్చేసరికి ఆగింది. ఆస్పత్రిలో ఒక రోజు ఉంచి, డోసు పెంచి, కొద్దిరోజుల్లో మళ్ళీ రమ్మని పంపేశారు. పెరిగిన డోసుతో మత్తూ పెరిగింది. బిస్కట్టు చేతిలో పెడితే చేతిలోనే మెత్తబడిపోయేది.

ఇంటికొచ్చిన మర్నాడు. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు, పిల్ల పడుకుంది. అత్తయ్య ఆరని యూనిఫాం చొక్కాని ఇస్త్రీ చేస్తోంది. తడిగుడ్డ మీంచి ఆవిరి లేస్తోంది.

"అత్తయ్యా, ఆయన చిన్నప్పుడు తిన్న బలం మందు ఏమిటి?"

ఆవిడ కాలరు పూర్తిచేసింది. గుండీల పట్టీ మొదలుపెట్టింది.

"నీకు తెలిసిపోయిందనుకున్నాను. ఆ రోజు మేడ మీదే."

"తెలిస్తే ఎందుకు అడుగుతాను?"

"వాడికీ ఉండేది అమ్మాయ్" అంది. "ఐదో ఏట మొదలైంది. బాగా పెద్ద తరగతులకి వచ్చేదాకా మందు వాడాను. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించి మానిపించాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

"ఆయనకి తెలీదా?"

"వచ్చినప్పుడు వాడికి ఏం గుర్తుండేది? లేచి, నిద్రపోయానా అమ్మా అనేవాడు. అవును నాన్నా అనేదాన్ని."

ఎందుకు దాచారని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. మామయ్యగారికి ఒక చెల్లెలు ఉండేదట. "దానికీ ఒక పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మూర్ఛపిల్ల, అంతే. బడి మానిపించారు. నలుగురిలోకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. మందు కూడా ఇప్పించలేదు. మందు ఇప్పిస్తే జబ్బు ఉన్నట్టు ఒప్పుకోవాలి కదా. ఒకరోజు స్నానాల గదిలో పడిపోయింది. తలుపు గడియ పెట్టుకుని ఉంది. ఎవరూ చూసుకోలేదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "వాడికి మొదటిసారి రాగానే నాకు ఆ గది తలుపు కనిపించింది. వేరే ఊరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మాత్రలు ఇంకో డబ్బాలో పోసి పెట్టుకున్నాను. మీ మామయ్యకీ నాకూ తప్ప పురుగుకి కూడా తెలీదు. మందు ఒక్క పూట తప్పలేదు అమ్మాయ్. పేరొక్కటే చెప్పలేదు."

"డాక్టరమ్మ అడిగింది ఇదే అత్తయ్యా. ఇప్పుడు చెప్పాలి."

"చెప్పు. వాడు లేనప్పుడు చెప్పు."

"ఆయనకి తెలియకుండా ఎలా?"

"వాడు డ్రైవరు" అంది అత్తయ్య.

లోపల పిల్ల నిద్రలో మూలిగింది.

"డాక్టరమ్మ అడిగింది మీ మనవరాలి కోసం" అన్నాను. "ఎల్లుండి ఆస్పత్రికి మీరూ వస్తున్నారు. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. కానీ మీ నోటితో వింటేనే ఆయనకి మంచిది."

ఆవిడ చొక్కాని హ్యాంగరుకి తగిలించి, భుజాల దగ్గర దులిపి, మేకుకి వేలాడదీసింది. వెళ్ళాల్సిన రోజు మాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "నువ్వెందుకమ్మా ఈ వానలో" అన్నాడు మా ఆయన. "ఇంట్లో ఒక్కదాన్నే ఏం తోస్తుంది" అంది.

డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ, మందు వేస్తున్నా ఎందుకు వచ్చిందో ఆలోచించాలి అంటోంది. అత్తయ్య మధ్యలో అందుకుంది.

"అమ్మా, ఒక్క మాట. వీడికి చిన్నప్పుడు ఇదే ఉండేది."

పిల్ల మా ఆయన భుజం మీద నిద్రపోతోంది. ఆయన దాని వీపు నిమురుతున్నాడు. ఆ చెయ్యి ఆగలేదు. అలాగే నిమురుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ ఆశ్చర్యపడినట్టు కనిపించలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, ఎప్పుడు, ఎలా అని ఒక్కొక్కటే అడిగింది. అత్తయ్య చెప్పింది. పడిపోవడం అప్పుడప్పుడే, కానీ రోజులో ఎన్నోసార్లు చెంచా నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడట. కనురెప్పలు టపటపలాడేవి, మరుక్షణం ఏమీ జరగనట్టు తినేవాడు. పాచిక పట్టుకుని ఉండిపోయిన పిల్ల కళ్ళ ముందు మెదిలింది.

"తొండి కూడా అలా ఉండిపోతోంది డాక్టర్. మత్తు వల్ల అనుకున్నాం" అన్నాను.

"అన్నీ మత్తు కాకపోవచ్చు" అంది డాక్టరమ్మ. "వీటిలో రకాలుంటాయి. ఇప్పుడు వేస్తున్న మందు ఒక రకాన్ని ఆపుతుంది, ఇంకో రకాన్ని పెంచుతుంది. మళ్ళీ ఒకసారి పరీక్ష చేద్దాం. అందులో కూడా అదే కనిపిస్తే మందు మారుద్దాం. అప్పట్లో ఏం వాడారో గుర్తుందా అమ్మా?"

అత్తయ్య ఆ మాత్ర పేరు చెప్పింది, అక్షరం అక్షరం విడదీసి, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరి ముందూ పలకని పేరు.

పరీక్ష అయింది. అదే కనిపించింది. పాత మందు ఒక్కసారిగా ఆపకూడదట. అది కొద్దికొద్దిగా తగ్గిస్తూ, కొత్తది కొద్దికొద్దిగా పెంచాలి. డాక్టరమ్మ ఒక దిగే గీత, ఒక ఎక్కే గీత గీసి చూపించింది.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "మత్తు తగ్గుతుందా?"

"తగ్గాలి."

సరేనని లేచి గుమ్మం దాకా వచ్చాడు. పిల్లని నా భుజం మీదికి మార్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

"నాకు మళ్ళీ రావచ్చా?"

"ఇన్నేళ్ళు మందు లేకుండానే బాగున్నారు. దాదాపు రాదనే చెప్పాలి."

"దాదాపు" అన్నాడు మా ఆయన, ఆ మాట అర్థం తెలియనట్టు.

మామూలుగా బస్సెక్కితే మా ఆయన డ్రైవరు వెనకాల నిలబడి, గేరు ఇలా మార్చావేం, బ్రేకు అలా తొక్కావేం అని వాడి ప్రాణం తీస్తాడు. ఆ రోజు వెళ్ళి ఆఖరి సీట్లో కూర్చున్నాడు. అత్తయ్య, సీట్లు ఖాళీగా ఉన్నా, ఇల్లు చేరేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

మర్నాటి సాయంత్రం కండక్టరు వచ్చాడు. గొడుగు మూయడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే అందుకున్నాడు.

"మీ ఆయనకేమైనా మతి పోయిందా చెల్లెమ్మా? పొద్దున డిపో మేనేజరు గదిలోకి వెళ్ళి, చిన్నప్పుడు నాకు మూర్ఛ ఉండేది, నన్ను బస్సెక్కించకండి అన్నాట్ట! ఎవరడిగారు? రోగం ఉండీ లేదని బొంకేవాళ్ళని చూశాను గానీ, లేని రోగం ఉందని మొత్తుకునేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

లోపలి నుంచి మా ఆయన గొంతు వచ్చింది. "అరవై మంది ఎక్కుతార్రా."

"నిలబడ్డవాళ్ళని మరిచిపోయావు. ఎక్కేది తొంభై మంది."

తాను వేసిన జోకుకి తానే నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి గొడుగు మూసి కూర్చున్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చిన్నప్పుడంటే చిన్నప్పుడు. డ్రైవరు ట్రైనింగుకి వెళ్తున్నప్పుడైనా చెప్పొచ్చుగా అమ్మా."

"నోటిదాకా వచ్చింది రా."

"వచ్చి?"

"నువ్వు కొత్త యూనిఫాం వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నావు."

మా ఆయన తల ఊపాడు. అరవలేదు, గిన్నె ఎత్తి కొట్టలేదు. అరిచినా బాగుండేది. ఆ రోజు నుంచి తల్లితో మాటలు మానేశాడు. "ఆవిడని భోంచెయ్యమను" అనేవాడు నాతో, ఆవిడ అక్కడే ఉండగా. "ఆవిడ మందులు అయిపోయాయేమో కనుక్కో" అనేవాడు. అమ్మ ఆవిడైపోయింది. సంధి కుదర్చాలని నేను ఇద్దరి మధ్యా తిరిగాను. రెండు గోడల మధ్య బంతి తిరిగినట్టే అయింది.

ఇంతలో రెండు మందులూ కలిసి నడుస్తున్న రోజులు. పిల్ల నడిస్తే తూలేది. ఒక పూట మందు వెయ్యగానే కక్కుకుంది. డాక్టరమ్మ ఫోన్ ఎత్తేదాకా ముగ్గురం ఆ కక్కుని చూస్తూ నిలబడ్డాం, తుడవడానికి కూడా చేతులు రాక.

అత్తయ్య తన చెల్లెలి ఊరికి వెళ్తానంది. కొన్నాళ్ళుండి వస్తానంది కానీ శాలువా కూడా సర్దుకుంది. నేను మళ్ళీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచీ సాయంత్రం మందు వేసేది ఆవిడే, నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి. మెట్లు దిగుతూ ఆగి, "రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి అమ్మాయ్. జాగ్రత్త" అంది. మా ఆయన ఆవిడ సంచి మోసుకెళ్ళి, బస్సులో సీటు చూసి, కూర్చోబెట్టి, దిగి వచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు కదిలేదాకా మాత్రం అక్కడే ఉన్నాడట.

పాత సీసా మెడకి నేను నల్లదారం కట్టాను. సాయంత్రం మందు మా ఆయన చేతికొచ్చింది. డిపోవాళ్ళు బస్సెక్కొద్దన్నాక ఇప్పుడాయన ఇంట్లోనే ఉంటున్నాడుగా. స్టీరింగు తిప్పిన ఆ పెద్ద చేతుల్లో సిరంజి అగ్గిపుల్లలా ఉండేది. నాకంటే నెమ్మదిగా తీసేవాడు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, బుడగ లేదని రెండుసార్లు చూసుకుని.

డిపోవాళ్ళు పరీక్షలకి పంపించారు. పిల్లకి తీసిన చోటే ఆయనకీ తీశారు, తలకి వైర్లు అంటించి. తొండి కూడా వస్తానని పేచీ పెట్టింది. మంచం పక్కన నిలబడి వాళ్ళ నాన్న బొటనవేలు పట్టుకుంది.

"అంటించేటప్పుడు చల్లగా ఉంటుంది నాన్నా. అంతే. కదలకూడదు. కదిలితే మళ్ళీ మొదట్నించీ."

"కదలను" అన్నాడాయన.

ఆయనకి ఏమీ లేదు. కాగితాలన్నీ శుభ్రంగా వచ్చాయి.

నల్లదారం సీసా ఖాళీ అయింది. కొత్త మందు ఒక్కటే మిగిలింది. ఏ రోజు మారిందో చెప్పలేను. ఒక సాయంత్రం తలుపు తీసేసరికి పాము నిచ్చెన పరిచి ఉంది. తండ్రీ కూతుళ్ళు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. నా కళ్ళ ముందే దాని కాయ పాము నోటి దగ్గర నుంచి రెండు గళ్ళు ముందుకి వెళ్ళింది.

"తొండి! తొండి!" అని మా ఆయన నేల చరిచాడు.

"నేను కాదు. గాలికి జరిగింది."

వానకి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మా ఆయన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఏడవకు నాన్నా, ఈసారి నిన్ను గెలిపిస్తా" అంది అది.

తరవాత జ్వరం వచ్చినప్పుడు ఒక్కసారి పడిపోయింది. ఆ ఒక్కసారే. కనీసం రెండేళ్ళు రాకుండా ఉండాలి, అప్పుడు ఆలోచిద్దాం, అప్పటిదాకా మందు మానెయ్యొద్దు అంది డాక్టరమ్మ. ఆ సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదు.

మా ఆయనకి బస్సు నడపొచ్చని కాగితం వచ్చింది. నేనే యూనిఫాం ఇస్త్రీ చేశాను. పొద్దున్నే వెళ్ళాడు. నేను షాపుకి బయల్దేరేలోపే తిరిగొచ్చాడు. ఏమైందో ఆయన చెప్పలేదు. కండక్టరు చెప్పాడు, ఈసారి జోకులేమీ లేకుండా.

"ఎక్కాడు చెల్లెమ్మా. సీటు సరిచేసుకున్నాడు, ఇంజను స్టార్ట్ చేశాడు. జనం ఎక్కుతున్నారు. అద్దంలో చూస్తున్నాడు, వెనక వచ్చే బండ్లని కాదు, లోపల కూర్చున్నవాళ్ళని. ఒక్కొక్కళ్ళనీ. నేను రైట్ అన్నాను. ఇంకోసారి రైట్ అన్నాను. ఇంజను ఆపేసి, తాళం నా చేతిలో పెట్టి దిగిపోయాడు."

ఆ మీదట డిపోలోనే టైర్ల సెక్షనులో పని ఇచ్చారు. ఒంటి నిండా నల్లటి రబ్బరు మరకలతో ఇంటికొచ్చేవాడు. కూతురికి నయమైంది. ఎప్పుడో నయమైపోయిన ఆయనకి మాత్రం ఆ ఏడు పట్టుకుంది జబ్బు. వంటింట్లో వేడినీళ్ళ గిన్నె దించాలన్నా నన్ను పిలిచేవాడు. పిల్లని ఎత్తుకుని మెట్లు దిగడం మానేశాడు. వేలు పట్టుకుని నడిపించేవాడు.

అత్తయ్య రోజూ సాయంత్రం మందు వేళకి నా ఫోనుకి చేసేది. షాపులో ఉన్నా, దారిలో ఉన్నా, ఎత్తేదాన్ని.

"వేశారా అమ్మాయ్?"

ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, మళ్ళీ ఆవిడకి చేసి, వేశాం అత్తయ్యా అని చెప్పేదాన్ని. "మింగిందా?" అనేది. మింగింది అంటే పెట్టేసేది. ఆయన ఎలా ఉన్నాడని అడిగేది కాదు. నేనే చెప్పేదాన్ని. వినేది.

వానలు వెనకపట్టాయి. ఒకరోజు షాపు తొందరగా మూశారు. ఇంటికొచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, సబ్బునీళ్ళలో చేతులు పెట్టాను. మా ఆయన పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మందు వేసి, సిరంజి కడగమని నా వైపు చాపుతున్నాడు. అప్పుడు మోగింది ఫోను.

ఆయన దాని వైపు చూశాడు. పేరు చూశాడు. ముట్టుకోలేదు. నేను చేతులు తుడుచుకునేలోపే ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది. మొదటిసారి ఎత్తకపోతే పిల్లకి ఏదో అయిందని ఆవిడ గుండె పట్టుకుని కూర్చుంటుందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

ఎత్తాడు. అక్కడి నుంచి అత్తయ్య గొంతు నాకు కూడా వినిపించింది.

"అమ్మాయ్, వేశారా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వేశాం" అన్నాడు.

అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "మింగిందా?" అని వచ్చింది, చాలా చిన్నగా.

"మింగింది."

ఆవిడ పెట్టెయ్యలేదు. ఈయనా పెట్టెయ్యలేదు. పిల్ల తల ఎత్తి, వాళ్ళ నాన్న గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నానమ్మేనా? ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు" అన్నాడు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే.